తక్కువ మార్కులకే సీటు ఎట్లా వచ్చింది? దివ్యాంగుల సడలింపుల అసలు లెక్క

నల్లగొండలో ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెబుతాను. కాలేజీ టైం అయ్యాక దరఖాస్తులు నింపడం, కౌన్సెలింగ్ ఆప్షన్లు పెట్టడం కూడా నా దగ్గరే జరుగుతుంది కాబట్టి ర్యాంకుల గొడవలన్నీ నా బల్ల ముందుకే వస్తాయి. పోయినసారి ఒక తండ్రి వచ్చి, "సార్, మావోనికి ఆ పిల్ల కంటే మంచి ర్యాంకు వచ్చింది, ఆమెకు సీటొచ్చింది, మావోనికి రాలే, ఇదేం లెక్క?" అని అడిగాడు. ఆయన మాటలో చెడ్డ ఉద్దేశం లేదు, అప్పు తెచ్చి కొడుకును కోచింగ్‌లో వేసిన మనిషి. ఆ పిల్లది మర్రిగూడ మండలం వైపు ఊరు, చిన్నప్పుడు తాగిన బోరు నీళ్ళకు కాళ్ళు వంగిపోయాయి, మెడ పూర్తిగా తిప్పలేదు, మూడు గంటలు బల్ల మీదికి వంగి రాయాలంటే ఆమెకు ఎంత కష్టమో రెండేళ్ళు క్లాసులో చూసిన నాకు తెలుసు. అయినా ఆ రోజు "పీహెచ్ కోటా ఉంటదన్నా" అని, అంటే దివ్యాంగుల వాటా ఉంటుందని, ఒక్క మాట చెప్పి పంపించేశాను. ఆయన ఆ కోపంతోనే వెళ్ళిపోయాడు. అప్పుడు చెప్పాల్సిందంతా ఇప్పుడు చెబుతున్నాను.

సడలింపు అని మనం ఒకే సంచిలో వేసి మాట్లాడుకునేవి నిజానికి నాలుగు వేర్వేరు సంగతులు. సీట్లలో వాటా ఒకటి. అర్హత మార్కుల్లో, అంటే కటాఫ్‌లో తగ్గింపు ఇంకొకటి. వయసులో వెసులుబాటు మూడోది. పరీక్ష రాసే పద్ధతిలో మార్పులు, అంటే ఎక్కువ టైం, రాసిపెట్టే మనిషి (స్క్రైబ్), ఇవి నాలుగోది. ఈ నాలుగో దాన్ని సడలింపు అనడమే తప్పని నా అభిప్రాయం, ఎందుకో తర్వాత చెబుతాను.

ముందు చట్టం. 1995లో వచ్చిన పాత చట్టంలో ఏడు రకాల వైకల్యాలే ఉండేవి, ప్రభుత్వ, ఎయిడెడ్ విద్యాసంస్థల్లో 3 శాతం సీట్లు ఇవ్వాలని ఉండేది. దాని స్థానంలో 2016లో దివ్యాంగుల హక్కుల చట్టం వచ్చింది, 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉంది. ఏడు రకాలు 21 అయ్యాయి. నేర్చుకోవడంలో ఇబ్బందులు, ఆటిజం, తలసీమియా, కండరాల క్షీణత, యాసిడ్ దాడికి గురైనవాళ్ళు, అందరూ ఇందులోకి వచ్చారు. నీళ్ళలోని ఫ్లోరైడ్ వల్ల వచ్చే ఫ్లోరోసిస్ అనే పేరు మాత్రం ఆ జాబితాలో లేదు. ఎముకలు వంగిపోయి నడక దెబ్బతింటే దాన్ని చలన వైకల్యం కింద చూస్తారు, మన జిల్లా పిల్లలు ఆ దారినే రావాలి. ఈ చట్టం 32వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ ఉన్నత విద్యాసంస్థలు, ప్రభుత్వ ఎయిడ్ తీసుకునే సంస్థలు కనీసం 5 శాతం సీట్లు దివ్యాంగులకు ఇవ్వాలి, ప్రవేశానికి గరిష్ఠ వయసులో ఐదేళ్ళ వెసులుబాటు కూడా ఇవ్వాలి. ఇవి దక్కాలంటే వైకల్యం 40 శాతం లేదా అంతకంటే ఎక్కువ ఉన్నట్టు సర్టిఫికెట్ కావాలి. వయసు సంగతి ఇంతటితో వదిలేస్తున్నా, దాని మీద ఎవరికీ గొడవ లేదు. ఆపరేషన్లకు, ఆసుపత్రులకు రెండు మూడేళ్ళ చదువు పోయిన పిల్లలు ఎంతమందో అందరికీ తెలుసు.

గొడవంతా సీట్ల దగ్గరే. ఆ 5 శాతాన్ని ఎవరి వాటాలోంచి తీస్తారు? చండూరు, గట్టుప్పల వైపు మగ్గం చూసినవాళ్ళకు ఇది చెప్పడం తేలిక. ఓపెన్, బీసీ, ఎస్సీ, ఎస్టీ, ఈడబ్ల్యూఎస్ అనేవి పడుగు పోగుల్లాంటివి, నిలువుగా ఉంటాయి. దివ్యాంగుల కోటా పేక లాంటిది, ఆ నిలువు పోగులన్నిటి గుండా అడ్డంగా పోతుంది. 1992లో ఇంద్రా సాహ్నీ కేసులో సుప్రీంకోర్టు ఈ నిలువు, అడ్డం తేడాను వివరంగా చెప్పింది. ఎస్సీ కుటుంబంలో పుట్టిన దివ్యాంగురాలికి ఈ కోటాలో సీటు వస్తే అది ఎస్సీ వాటాలోనే లెక్కకు వస్తుంది, ఓపెన్ అభ్యర్థికి వస్తే ఓపెన్‌లోనే. విడిగా ఇంకో 5 శాతం గోడ కట్టి పెట్టరు. 60 సీట్ల బ్రాంచిలో 5 శాతం అంటే మూడు సీట్లు, అవి కూడా కౌన్సెలింగ్‌లో పీహెచ్‌వీ, పీహెచ్‌హెచ్, పీహెచ్‌ఓ అని చూపు, వినికిడి, ఎముకల వైకల్యాల మధ్య పంచుకోవాలి. అర్హులు దొరక్కపోతే ఆ సీట్లు మిగతా పిల్లలకే పోతాయి. ఆ తండ్రి కొడుక్కి సీటు రాకపోవడానికి వందల మంది ముందున్న ర్యాంకులు కారణం. కళ్ళ ముందు కర్ర పట్టుకుని నడిచే పిల్ల ఒక్కతే కనబడుతుంది కాబట్టి కారణం ఆమే అనిపిస్తుంది.

ఇప్పుడు కటాఫ్. "వాళ్ళకు సున్నా వచ్చినా సీటిస్తరు" అని నేను చాలాసార్లు విన్నాను, కాబట్టి అంకెలతోనే చెబుతాను. నీట్‌లో జనరల్ అభ్యర్థి అర్హత సాధించాలంటే 50వ పర్సంటైల్ రావాలి, అంటే రాసినవాళ్ళలో నూటికి 50 మందిని దాటాలి, జనరల్ దివ్యాంగులకు 45వ పర్సంటైల్. 2025లో మార్కుల్లో చూస్తే 720కి జనరల్ కటాఫ్ 144, జనరల్ దివ్యాంగులకు 127. తేడా 17 మార్కులు. ఓబీసీ, ఎస్సీ, ఎస్టీలకు 40వ పర్సంటైల్, అంటే 113. మరి ఓబీసీ, ఎస్సీ, ఎస్టీల్లో దివ్యాంగులకు? వాళ్ళకూ అదే 113. ఇక్కడ కాసేపు ఆగి ఆలోచించండి. నల్లగొండ, పాలమూరు ఊళ్ళ నుంచి వచ్చే పిల్లల్లో ఎక్కువమంది ఈ మూడు వర్గాల వాళ్ళే. వాళ్ళలో ఎవరికైనా వైకల్యం ఉంటే నీట్ కటాఫ్‌లో ఆ వైకల్యం వల్ల ఒక్క మార్కు కూడా అదనంగా తగ్గదు. పైగా కటాఫ్ దాటడమంటే లైన్లో నిలబడే హక్కు రావడమే, సీటు మాత్రం ఆ కోటాలో ఎవరి ర్యాంకు ముందుంటే వాళ్ళకు వస్తుంది.

ఐఐటీల్లో తగ్గింపు ఇంతకంటే ఎక్కువ. జేఈఈ అడ్వాన్స్‌డ్‌లో దివ్యాంగులకు జనరల్ ర్యాంకు లిస్టు కనీస మార్కుల్లో సగం వస్తే చాలు, 2025లో 360కి అక్కడ 74 అయితే ఇక్కడ 37. ఇంటర్‌లో 75 శాతం కావాల్సిన చోట 65 సరిపోతుంది. పైచదువులకు వెళ్తే, లెక్చరర్ల అర్హత పరీక్ష యూజీసీ నెట్‌లో 40 బదులు 35 శాతం, దానికి అర్హతగా పీజీలో 55 బదులు 50 శాతం. పీహెచ్‌డీ పూర్తి చేయడానికి, 40 శాతం కంటే ఎక్కువ వైకల్యం ఉన్నవాళ్ళకు రెండేళ్ళు అదనంగా ఇస్తారు.

అసలు తగ్గించడం ఎందుకు? నేను ఫిజిక్స్ మాష్టారును, నాకు తెలిసిన పద్ధతిలో చెబుతా. తక్కెడలో బరువు తూచేముందు అది సున్నా దగ్గర ఉందో లేదో చూస్తాం. ఒకవైపు ముందే రాయి వేలాడుతుంటే ఎంత జాగ్రత్తగా తూచినా అంకె తప్పే వస్తుంది. మార్కు కూడా ఒక కొలతే, అందులో పిల్ల తెలివి ఒక్కటే ఉండదు, బడి ఎంత దూరం, ఎన్ని రోజులు పోగలిగింది, బోర్డు కనబడిందా, చెప్పింది వినబడిందా, ఇవన్నీ కలిసే ఉంటాయి. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో 2 కోట్ల 68 లక్షల మంది దివ్యాంగులు ఉన్నారు, వాళ్ళలో నూటికి 45 మందికి చదవడం రాయడం రాదు, డిగ్రీ లేదా ఆపై చదువు ఉన్నవాళ్ళు నూటికి 5 మంది. 45వ పర్సంటైల్ దాకా వచ్చిన పిల్ల ఆ గుంపులోంచి ఎంత దూరం నడిచి వచ్చిందో ఈ అంకెలే చెబుతాయి.

కోర్టులు కూడా దాదాపు ఇదే మాట అన్నాయి. చండీగఢ్‌లో ప్రభుత్వ ఆర్ట్స్ కాలేజీలో చేరాలనుకున్న ఒక విద్యార్థికి మేధో వైకల్యం ఉంది. ఆప్టిట్యూడ్ పరీక్షలో అందరికీ 40 శాతం రావాలి, ఎస్సీ, ఎస్టీలకు 35 వస్తే చాలు, దివ్యాంగులకు మాత్రం 40 కావాల్సిందే అన్నారు. 2020 జులైలో సుప్రీంకోర్టు ఆర్యన్ రాజ్ కేసులో, దివ్యాంగులు కూడా సామాజికంగా వెనకబడినవాళ్ళే కాబట్టి ఎస్సీ, ఎస్టీలకు ఇచ్చే సడలింపు వాళ్ళకూ ఇవ్వాలని చెప్పింది. 2012లో ఢిల్లీ హైకోర్టు ఇచ్చిన తీర్పునే అది ఆధారంగా తీసుకుంది, అక్కడ ఒక సాంకేతిక విశ్వవిద్యాలయం ఎస్సీ, ఎస్టీలకు 10 శాతం, దివ్యాంగులకు 5 శాతం సడలింపు ఇచ్చింది, ఆ తేడా చెల్లదని హైకోర్టు అంది. ఈ రెండు తీర్పులూ చదివి మళ్ళీ నీట్ వైపు చూస్తే, ఒకరికి 40, ఇంకొకరికి 45 అన్న తేడా నాకు న్యాయంగా కనిపించదు.

నాలుగో సంగతికి వద్దాం. ఎక్కువ టైం, స్క్రైబ్. కేంద్రం 2018లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం రాయడంలో ఇబ్బంది ఉన్న దివ్యాంగులకు గంటకు కనీసం 20 నిమిషాలు అదనంగా ఇవ్వాలి, మూడు గంటల పరీక్షకు ఒక గంట. ప్రశ్నపత్రం అదే, జవాబు అదే, దిద్దేవాళ్ళు అదే స్కీముతో దిద్దుతారు. కళ్ళద్దాలు పెట్టుకుని పరీక్ష రాసిన పిల్లవాడికి సడలింపు ఇచ్చారని ఎవరైనా అంటారా? ఇదీ అంతే. చట్టంలో దీని పేరే వేరు, సముచిత సర్దుబాటు అంటారు, కోటాతో దానికి సంబంధం లేదు.

సంబంధం లేదని 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు స్పష్టంగా తేల్చింది. వికాస్ కుమార్ అనే అభ్యర్థికి రాసేటప్పుడు చెయ్యి బిగుసుకుపోయే జబ్బు, సివిల్స్ పరీక్షకు స్క్రైబ్ అడిగితే 40 శాతం లేదు కాబట్టి ఇవ్వం అన్నారు. 40 శాతం గీత కోటాలకు, కొన్ని పథకాలకు మాత్రమే, పరీక్షలో సర్దుబాటుకు ఆ గీత అడ్డం పెట్టకూడదని కోర్టు చెప్పింది. దాని తర్వాత 2022 ఆగస్టులో, 40 శాతం కంటే తక్కువ ఉండి రాయడం కష్టమైనవాళ్ళకు కూడా డాక్టర్ల సర్టిఫికెట్ మీద స్క్రైబ్, అదనపు టైం ఇచ్చేలా మార్గదర్శకాలు వచ్చాయి. ఈ విషయం మన దగ్గర చాలామందికి తెలియదు. వైకల్యం ఎంత శాతమో తేల్చే సదరం క్యాంపులో 38 వచ్చింది, ఇక లాభం లేదని కాగితం ఇంట్లో దాచిపెట్టి పరీక్షకు వచ్చేసిన పిల్లలను నేనే చూశాను. కోటా రాదు నిజమే, కానీ చెయ్యి వణికే పిల్లకు గంట టైం వచ్చేది కదా.

హక్కు ఉన్నా ఇవ్వకపోతే? 2021 నీట్‌లో అవనీ ప్రకాశ్ అనే విద్యార్థినికి అదే జరిగింది. డిస్‌గ్రాఫియా, అంటే రాయడం కష్టమయ్యే వైకల్యం ఉంది, 40 శాతం సర్టిఫికెట్ ఉంది, అయినా సెంటర్‌లో ఆ అదనపు గంట ఇవ్వలేదు. అది తప్పేనని సుప్రీంకోర్టు అదే ఏడాది నవంబర్‌లో చెప్పింది, జరిగిన అన్యాయాన్ని ఎలా సరిదిద్దుతారో చూడమని పరీక్ష పెట్టే సంస్థను ఆదేశించింది, కానీ మళ్ళీ పరీక్ష మాత్రం పెట్టించలేదు. పోయిన గంట పోయినట్టే.

నా మనసును బాగా కష్టపెట్టేది మెడిసిన్ సంగతి. మిగతా చోట్ల సడలింపు ఉందని అంటారు, ఇక్కడ మాత్రం మామూలు పిల్లలకు లేని ఇంకో గేటు ఉంది. నీట్ కటాఫ్ దాటి, కోటాలో ర్యాంకు తెచ్చుకున్నాక కూడా దివ్యాంగులు మెడికల్ బోర్డు ముందుకు పోవాలి, నువ్వు డాక్టర్ చదువు చదవగలవా లేదా అని వాళ్ళు తేలుస్తారు. 2019లో వచ్చిన నిబంధనల్లో చలన వైకల్యం 80 శాతం దాటితే కుదరదని, రెండు చేతులూ ఎలాంటి లోపం లేకుండా ఉండాలని రాసి పెట్టారు. అంటే 40 కంటే తక్కువైతే కోటా లేదు, మరీ ఎక్కువైతే సీటే లేదు. చాలామంది పిల్లలు ఈ మధ్యలో నలిగిపోయారు.

2024 అక్టోబర్‌లో ఓంకార్ గోండ్ కేసు తీర్పు వచ్చింది. మాట్లాడటంలో వైకల్యం, శాతం 40 దాటింది, ఆ అంకె చూసే ఎంబీబీఎస్‌కు పనికిరాడని చెప్పేశారు. అంకె ఎంత అన్నది కారణం కాకూడదు, ఆ విద్యార్థి ఆ చదువు చదవగలడా లేదా అని బోర్డు పరీక్షించి, కారణాలు రాసి చెప్పాలి అని సుప్రీంకోర్టు అంది. వైద్యుల బోర్డు ఆ అబ్బాయిని చూసి చదవగలడని చెప్పింది, సీటు వచ్చింది. అదే నెలలో ఓం రాథోడ్ కేసు, కండరాల క్షీణత, 88 శాతం, అంటే పాత లెక్కలో నేరుగా బయటికే. అక్కడా అదే సూత్రం, అతనికీ దారి దొరికింది. 2025 ఫిబ్రవరిలో అన్మోల్ కేసులో, రెండు చేతులూ పూర్తిగా ఉండాల్సిందే అన్న షరతును కోర్టు తప్పుపట్టింది.

రోగి ప్రాణం సంగతేంటి అని అడిగేవాళ్ళు ఉంటారు, అడగడం న్యాయమే. కానీ డాక్టర్లందరూ సర్జన్లు కారు. రక్త పరీక్షలు చూసేవాళ్ళు, ఎక్స్‌రేలు చదివేవాళ్ళు, మనసు జబ్బులకు వైద్యం చేసేవాళ్ళు, కాలేజీలో పాఠం చెప్పేవాళ్ళు కూడా డాక్టర్లే. ఎవరు ఏ పని చేయగలరో చూసి తేల్చమంటున్నారు కోర్టువాళ్ళు, కళ్ళు మూసుకుని అందరినీ చేర్చుకోమని ఎవరూ అనలేదు. ఇంకొకటి, సడలింపు లోపలికి వచ్చే దగ్గరే ఉంది. ఎంబీబీఎస్ పాస్ మార్కు అందరికీ ఒకటే, ప్రాక్టికల్స్ అందరికీ ఉంటాయి, ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదున్నరేళ్ళ తర్వాత చేతికి వచ్చే పట్టా మీద తక్కువ, ఎక్కువ అని రెండు రకాలు లేవు.

ఎదుటివాళ్ళ వాదనలో బలమున్న చోటు ఒకటుంది, అది ఒప్పుకోవాలి. తక్కువ పునాదితో లోపలికి తెచ్చి, ఆ తర్వాత పట్టించుకోకపోతే పిల్లలు బ్యాక్‌లాగుల్లో మునిగిపోతారు. ఇద్దరు నా విద్యార్థులే ఇంజనీరింగ్ మధ్యలో ఆపేసి ఇంటికొచ్చారు. ఒకతను చెప్పింది నాకు ఇప్పటికీ గుర్తుంది, "సార్, లెక్కలు రాక కాదు, ల్యాబ్ మూడో అంతస్తుల ఉండె, రోజూ ఎక్కలేక మానేసిన" అన్నాడు. అది మార్కుల సడలింపు వల్ల వచ్చిన నష్టమా, లిఫ్ట్ లేకపోవడం వల్ల వచ్చిందా? ఐఐటీల్లో దీనికి ఒక మంచి పద్ధతి ఉంది. ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగుల సీట్లు మిగిలిపోతే ఇంకాస్త తక్కువ మార్కులు వచ్చినవాళ్ళను ఏడాది ప్రిపరేటరీ కోర్సులో చేర్చుకుని, ఫిజిక్స్, కెమిస్ట్రీ, లెక్కలు గట్టిగా నేర్పించి, అది పాసైతేనే మరుసటి ఏడాది బీటెక్ మొదటి సంవత్సరంలోకి పంపిస్తారు. మన జిల్లాల కాలేజీల్లో ఏడాది కోర్సు పెట్టలేకపోయినా, మొదటి సెమిస్టర్‌లో వారానికి నాలుగు గంటలు ప్రత్యేకంగా కూర్చోబెట్టడం పెద్ద ఖర్చు కాదు.

దొంగ సర్టిఫికెట్లు కూడా ఉన్నాయి. అవి దొరికిన ప్రతిసారీ నిజమైన పిల్ల మీద అనుమానం పడుతుంది, ఆమెనే మళ్ళీ మళ్ళీ నడిపించి చూస్తారు. దానికి మందు గట్టి తనిఖీ. కోటా తీసేస్తే నష్టపోయేది దొంగతనం చేసినవాళ్ళు కారు.

ఇక మన ఊళ్ళ సంగతి. సడలింపుల మీద ఇంత చర్చ జరుగుతుంది కానీ ఆ గేటు దాకా వచ్చేవాళ్ళే తక్కువ. పాలమూరు వైపు తల్లిదండ్రులు వలస పోయి పిల్ల అవ్వ దగ్గర ఉంటే, క్యాంపు రోజున జిల్లా ఆసుపత్రికి ఎవరు తీసుకుపోవాలి? స్లాట్ దొరకాలి, ఆ రోజు డాక్టరు ఉండాలి, మళ్ళీ రమ్మంటే ఇంకో రోజు కూలి పోవాలి. పింఛను కోసం తీసుకున్న సదరం కాగితం ఇంట్లో ఉంటుంది, కానీ ఆలిండియా కౌన్సెలింగ్‌కు పోయేసరికి దేశమంతటా చెల్లే దివ్యాంగుల గుర్తింపు కార్డు, యూడీఐడీ, అడుగుతారు, మెడిసిన్‌కైతే వాళ్ళు చెప్పిన బోర్డు దగ్గర వేరే సర్టిఫికెట్ తెమ్మంటారు, దానికి కొద్ది రోజులే గడువుంటుంది. ఈ తిరుగుడులోనే సీటు పోగొట్టుకున్న పిల్లలున్నారు. శ్రీకాంత్ బొల్లా పేరు అందరికీ తెలుసు, పుట్టుకతో చూపు లేదు, పదో తరగతి అయ్యాక సైన్స్ చదవడానికి వీల్లేదంటే కోర్టుకు పోయి మరీ చదివి, తర్వాత అమెరికాలో ఎంఐటీకి వెళ్ళాడు. ఆయన కోర్టులో కొట్లాడింది మార్కులు తగ్గించమని కాదు, కూర్చుని చదువుకోనివ్వమని.

అందుకే నా దగ్గరికి వచ్చే తల్లిదండ్రులకు పదో తరగతిలోనే చెబుతున్నాను. యూడీఐడీ ఇప్పుడే చేయించండి, ఇంటర్ రెండో ఏడాది దాకా ఆగొద్దు. పదో తరగతి మెమోలో పేరు, ఆధార్‌లో పేరు, కార్డులో పేరు అక్షరం తేడా లేకుండా చూసుకోండి. ఎంట్రన్స్ దరఖాస్తులో దివ్యాంగులు అన్న గడి నింపడం మరిచిపోతే తర్వాత మార్చుకోవడానికి ఇచ్చే రోజులు చాలా తక్కువ. స్క్రైబ్ కావాలంటే ఆ దరఖాస్తులోనే అడగాలి, పరీక్ష రోజు అడిగితే ఇవ్వరు. 40 రాకపోతే కాగితం పారేయొద్దు, దానితోనే టైం అడగొచ్చు. సెంటర్ ఎక్కడో తెలిసిన రోజే వెళ్ళి గది ఏ అంతస్తులో ఉందో చూసి, పైన ఉంటే కింది గది కావాలని రాసిచ్చి, దాని మీద సంతకం చేయించుకోండి.

ఈ చివరిది నేను ఆ మర్రిగూడ పిల్ల దగ్గర నేర్చుకున్నాను. ఆమెకు ఒక ఎంట్రన్స్‌లో గది రెండో అంతస్తులో పడింది, ఆ సెంటర్‌లో లిఫ్ట్ లేదు, ముందు రోజు అడిగితే చూద్దాం అన్నారు, పొద్దున వెళ్తే లిస్టు మారదన్నారు. వాళ్ళ నాయన ఎత్తుకుని 44 మెట్లు ఎక్కించాడు. ఆమె పైకి చేరేసరికి పరీక్ష మొదలై పన్నెండు నిమిషాలైంది. ఆ ర్యాంకు చూసే, మొదట చెప్పిన ఆ తండ్రి నన్ను అడగడానికి వచ్చాడు.